తడి అట్ట

ఎచ్చెర్లలో ఉద్యోగం చేసే పద్మకుమారి రోజూ లేస్తూనే, కారు కింద రాత్రి పరిచిన అట్టముక్కను బయటికి లాగి చూస్తుంది. పచ్చటి చుక్కలు కనబడగానే బానెట్ ఎత్తుతుంది. అరసవల్లిలో ఒంటరిగా అద్దెకు దిగి ఏళ్లయినా ఆ వీధిలో ఆవిణ్ణి పలకరించినవాళ్లు లేరు. కారులోంచి ఇంజన్ను చల్లబరిచే ఆ పచ్చటి కూలెంట్ కారడం మొదలయ్యాక మాత్రం గేటు ముందు ఆగనివాళ్లు లేరు. ఎదురింటి నరసింగరావుగారు నోట్లో బ్రష్షు తియ్యకుండానే "వాటర్ పంపు పోయిందండీ" అని తేల్చేస్తారు. చేపలమ్మే మరిడమ్మయితే గంప దించి, "బండికి జొరమేటమ్మా?" అంటూ మెట్టు మీద కూలబడి, తన కోడలి సంగతులన్నీ ఏకరువు పెడుతుంది.

నిన్న సాయంత్రం ఇంజను చల్లారాక పద్మకుమారి ఫోను లైటు వేసుకుని, ఒక్కో గొట్టాన్నీ గుడ్డతో తుడుస్తూ వెతికింది. రేడియేటర్ కింది గొట్టానికి బిగించిన క్లిప్పు దగ్గర వేలికి తడి తగిలింది. స్క్రూడ్రైవర్‌తో బిగించింది. అంతే, కారడం ఆగిపోయింది.

ఈ ఉదయం అట్ట పొడిగా ఉంది. మూసి ఉన్న బానెట్‌ను చూసి నరసింగరావుగారు పేపరు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. వీధి మొదట్లో "సేపలో!" అన్న కేక వినబడింది. పద్మకుమారి కాసేపు అట్టకేసి చూసింది. కూలెంట్ డబ్బా మూత తీసి, అట్టమీద నాలుగు చుక్కలు ఒలికించి, బానెట్ ఎత్తింది.

"ఇంకా ఆగనేదేటమ్మా?" అంటూ మరిడమ్మ గంప దించింది.

"ఎక్కడ కారుతోందో తెలియడంలేదు మరిడమ్మా," అంటూ పద్మకుమారి పీట ముందుకు జరిపింది.