పొణికి చెక్క విమానం

శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో ఫిట్టరుగా చేరినప్పుడు మా బాపు నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. నిర్మల్‌లో పొణికి చెక్కతో బొమ్మలు చేసే ఇల్లు మాది. కొడుకు ఉలి వదిలి పానా పట్టుకున్నాడని ఆయన కోపం. మొండితనంలో నేనూ ఆయన కొడుకునే. నెలకోసారి ఇంటికి పోయి, అవ్వ పెట్టింది తిని, ఆయన ఎదురుపడకముందే బస్సెక్కేవాణ్ణి.

ఆ రోజుల్లోనే హైదరాబాదు చోర్‌బజార్‌లో నా చేతికొక ఇంజన్ దొరికింది. బొమ్మ విమానాలకు పెట్టేది. నిమ్మకాయంతే ఉంటుంది గాని పిస్టన్, సిలిండర్ అన్నీ ఉన్నాయి. ప్లగ్గు లేదు. నెత్తిమీది స్క్రూ బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి ఇంధనం తనంతట తానే అంటుకుంటుంది. కిరోసిన్, ఈథర్, ఆముదం కలిపి పోసి, ముందున్న పంకాను వేలితో తిప్పాలి. మొదటిరోజు అది నా చూపుడువేలును చితక్కొట్టింది. రెండోరోజు చెవులు చిల్లులు పడేలా అరిచింది. ఇప్పుడు మంచిర్యాల పెండ్లిళ్లలో డ్రోన్లు ఎగురుతున్నాయి, వాటికి పాపం వాసన ఉండదు. కాలిన ఆముదం వాసన నాకు నేటికీ అగరొత్తుల కన్నా ఇష్టం.

ఇంజన్ ఉంది, విమానం లేదు. నాకు తెలిసి గాలిలో లేచేంత తేలికైన చెక్క పొణికి ఒక్కటే, అడగాల్సిన మనిషీ ఒక్కడే. కొలతలు గీసిన కాగితం పట్టుకుని బాపు ముందు నిలబడ్డాను. ఆయన కాగితం చూసి, నన్ను చూసి, "పెట్టి పో" అన్నాడు. ఆ రెండు ముక్కలకే నా కళ్లు చెమర్చాయి.

నెల తర్వాత విమానం చంకన పెట్టుకుని ఆయనే శ్రీరాంపూర్‌లో బస్సు దిగాడు. మూట విప్పాను. బొమ్మలకు చేసినట్టే చింతగింజల గుజ్జు పూసి, సుద్ద పట్టించి, రెక్కల నిండా పాలపిట్ట నీలం వేసి, అంచులకు బంగారు గీత దిద్దాడు. చేతుల్లోకి తీసుకోగానే బరువు తెలిసింది. ఇన్ని పూతల బరువుతో ఎగరదని చెప్పాలి, కానీ చెప్పలేదు. ఆర్నెల్ల తర్వాత నా గడప తొక్కిన మనిషికి ఏమని చెబుతాను?

సాయంత్రం కాలనీ గ్రౌండుకు పోయాం. అది రేడియోతో ఎగిరేది కాదు. రెండు సన్నని తీగలతో చేతిపిడికి కట్టి, మధ్యలో నిలబడి మన చుట్టూ తిప్పుకోవాలి. ఇంజన్ గొంతు చించుకుంది. విమానం మాత్రం గానుగెద్దులా నేలమీదే తిరిగి తిరిగి ఆగిపోయింది. చూడవచ్చిన పక్క క్వార్టరు ఆయన, "జర రోడ్డు మీద ఇడిసిపెట్టు, బస్సు లెక్క ఉరుకుతది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా తలకెక్కింది.

"రంగులు ఎవ్వలు ఎయ్యమన్నరు బాపు? గాలిల పోయేదానికి గీ సింగారం ఎందుకు?" అన్నాను. అందరి ముందూ అన్నాను.

ఆ రాత్రి బాపు అన్నం ముందు కూర్చుని, కలిపింది కలిపినట్టే వదిలి లేచాడు.

పొద్దున గరగర శబ్దానికి మెలకువ వచ్చింది. వాకిట్లో కూర్చుని సాండ్‌పేపర్‌తో రెక్కలు గీకుతున్నాడు. మోకాళ్ల నిండా నీలం పొడి. "వద్దు బాపు, ఉండనియ్యి" అని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకున్నాడు.

"రంగేస్తెనే బొమ్మకు పానం వస్తదనుకున్న. దీని పానం వేరే ఉన్నది. ముందుగాల చెప్తే అయిపోవు గదరా" అన్నాడు.

మధ్యాహ్నానికి చెక్క బయటపడింది. నూనె పీల్చకుండా ఒక్క పూత వార్నిషు చాలన్నాను. అంతే వేశాడు.

అది ఆరాక మళ్లీ గ్రౌండుకు పోయాం. ఈసారి ఎవరినీ పిలవలేదు. బాపు తోక పట్టుకున్నాడు. నేను పంకా తిప్పి, ఉరికి పోయి పిడి అందుకుని చెయ్యెత్తాను. ఆయన వదిలి వెనక్కి జరిగాడు. విమానం పది గజాలు ఉరికి, తోక లేపి, నేల విడిచింది. దానితోపాటు నేనూ తిరుగుతున్నాను. చుట్టుకొకసారి బాపు కనిపించి పోతున్నాడు. మొదట ఊరికే నిలబడి ఉన్నాడు. తర్వాత రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆ తర్వాత కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు.

ఇంధనం అయిపోయి అది గడ్డిలో దిగేసరికి నేను కళ్లు తిరిగి కూలబడ్డాను. నిన్నటి మాటకు తప్పయిందని చెబుదామనుకునేలోపే బాపు విమానాన్ని ఎత్తుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. వేడి ఇంజన్ తాకి, కాలిన వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"నలభై ఏండ్ల సంది చేస్తున్న బిడ్డా" అన్నాడు. "నేను చేసినయన్ని ఎవ్వలెవ్వలి ఇండ్లల్లనో అద్దాల ఎనుక కూసున్నయి. ఒక్కదాన్ని గూడ మల్ల చూడలే. గిదొక్కటే నా కండ్ల ముందట లేసింది."