పని అన్నచోట నేను చెప్పిన మాట

"ఏటే, నీకుందా టీ?" అన్నాడు మా ఆయన.

"ఉందిలే, ముందు నువ్వు తాగు మావా" అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. నాకు టీ లేదు. ఆ పూట పాలు ఒక్క గ్లాసుకే సరిపోయాయి. ఆయన కుడిచెయ్యి ఎప్పుడో పట్టు తప్పింది, ఎడమచెయ్యి ఆ వారం జ్వరానికి వణుకుతోంది. అందుకని గ్లాసు నేనే నోటికి పట్టాను. అది కడిగి వచ్చేసరికి ఆయన లేడు. రెండేళ్లయింది.

నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. అది పళ్ల డాక్టరు. దువ్వాడలో చిన్న ఆసుపత్రి పెట్టుకుంది, ఒకటే కుర్చీ. చేతుల మీద బతికే వాళ్లు చదువుతారు, నాన్న పాలసీ సంగతి చెప్పమ్మా అని అదే అడిగింది. చెబుతాను. అందులో నేను చేసింది కూడా చెబుతాను.

ఆయన పళ్లు కట్టేవాడు. పద్మనాభం ఊరి వైపు పొలం పనులు చేసుకునే ఇంట్లో పుట్టాడు. పట్నం వచ్చి ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకుని, పూర్ణా మార్కెట్ వెనక సందులో చిన్న గది తీసుకున్నాడు. డాక్టర్లు నోటి అచ్చులు పంపితే మైనంతో చిగుళ్లు చెక్కి, పళ్లు ఒక్కొక్కటే కూర్చి, సెట్టు తయారుచేసి ఇచ్చేవాడు. ఎవరిదైనా సరే, పాత ఫోటో ఒకటి తెమ్మనేవాడు. నవ్వుతున్నదే కావాలి. వన్ టౌన్‌లో అత్తరు అమ్మే ముసలాయన ఫోటోలో ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉందట. సెట్టులో కూడా అలాగే ఎక్కించాడు. కొత్త పళ్లు వంకరగా కట్టడం ఏమిటని నేను గొడవపడ్డాను. ముసలాయన అద్దంలో చూసుకున్నాడట. తర్వాత ఇంటికి వెళ్లి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడట, ఆ గదిలోనే ఆమెకు నవ్వి చూపించడానికి.

మా వాళ్లకి మాత్రం ఆయన పళ్లోడు. ఒక పెళ్లిలో భోజనాల దగ్గర మా వదిన నలుగురూ వినేటట్టు అంది: "మీ ఆయన సేతులు కడుక్కున్నాడేటే? ఎవులి నోట్లో ఎట్టొచ్చేడో." ఆయన నవ్వి చేతులు రెండూ చాపి చూపించాడు. నేను మాత్రం సగంలోనే విస్తరి మడిచి లేచిపోయాను.

ఆ పెళ్లయిన కొన్నాళ్లకే ఇన్సూరెన్సు ఏజెంటు మా ఇంటికి వచ్చాడు. దెబ్బ తగిలి పని చేసుకోలేకపోతే నెలనెలా ఇంటికి ఇంత అని వచ్చే పాలసీ. కాగితం నింపుతూ, ఏం పని చేస్తారని అడిగాడు. ఆయన నోరు తెరిచేలోపు నేను వంటింట్లోంచి "యాపారం" అన్నాను. వదిన మాట ఇంకా చెవిలోనే ఉంది. అలాగైతే కిస్తు కూడా తగ్గుతుందని ఏజెంటు సంతోషించాడు. ఆయన నా వైపు చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో మరి, "మా ఆవిడ సెప్పినట్టే రాసీ బాబూ" అని సంతకం పెట్టేశాడు.

కొన్నేళ్లకి ఒక వానరోజు, పోర్టు లారీలు తిరిగే రోడ్డు మీద స్కూటర్ జారింది. మణికట్టు విరిగింది. ఎముకైతే అతుక్కుంది. తలుపు గడియ తీయగలడు, అన్నం కలుపుకోగలడు. మైనం చెక్కే చాకు మాత్రం ఆ వేళ్ల మధ్య నిలిచేది కాదు.

ఇద్దరం కంపెనీ ఆఫీసుకి వెళ్లాం. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. వ్యాపారం అని రాసి ఉంది, వ్యాపారం కూర్చుని చూసుకోవచ్చు కదా, దానికి ఈ చెయ్యి అడ్డం కాదు కదా అన్నాడు. పళ్లు కట్టే పని అని ఎందుకు రాయలేదని అడిగాడు. నేను కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆయన నా వైపు తల తిప్పకుండానే, "నానే రాయించేను బాబూ, తెలీక" అన్నాడు.

పైసా రాదని తేలి బయటికి వచ్చాక నాకు సోడా తాగించాడు. ఇంట్లో ఒక్క మాట అనలేదు. సందులో గది ఖాళీ చేసిన రోజు కూడా అనలేదు. ఒక్కసారి తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇక నా కూతురి సంగతి. రోజంతా వంగి, సన్నటి పనిముట్లు పట్టుకుని చేసే పని. కుడి బొటనవేలు తిమ్మిరెక్కుతోందని రెండు నెలల కింద చెప్పింది. ఆ భయంతోనే రెండు పాలసీల కాగితాలు తెచ్చి నాకు చదివి వినిపించింది. ఒకటి చవక, కానీ మనిషి ఏ పనీ చేయలేని స్థితికి వస్తేనే ఇస్తారు. రెండోది ఖరీదు. దెబ్బ తగిలినా జబ్బు చేసినా, తన పళ్ల పని తాను చేయలేకపోతే చాలు, ఇస్తారు. రెండోదే తీసుకోమన్నాను. అదీ అదే అనుకుంది. కానీ ఆ కాగితంలో, చేతులకు ఇదివరకు ఏమైనా బాధ ఉందా అని ఒక ప్రశ్న ఉంది. లేదని రాసేయమని ఈ పాలసీ ఏజెంటు చెప్పాడట.

"తిమ్మిరని రాసేననుకో, ఆ వేలికి డబ్బు రాదంటారమ్మా. ఆ వేలు లేకపోతే నాకు పనేటుంది?"

"లేదని రాస్తే?"

"ఎవులికి తెలుస్తాది?"

పెన్ను కాగితం మీద పెట్టింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"మీ నాన్న కాగితంలో యాపారం అని రాయించింది నాను" అన్నాను.

"నాన్న తనే అని సెప్పేడు కదా."

"నన్ను కాయడానికి సెప్పేడు."

అంతా విప్పి చెప్పాను. వదిన మాట, వంటింటి గుమ్మం, ఆఫీసులో కుర్చీ, అన్నీ. అది పెన్నుకి మూత పెట్టింది. తర్వాత, "మనింట్లో వంటింట్లోంచి అవ్వని పని ఏదుందిలే" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. తల తెచ్చి నా భుజం మీద పెట్టింది.

మర్నాడు డాక్టరుకి చెయ్యి చూపించుకుంది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోంది, ముదరలేదు, పని మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి అన్నారు. ఆ రిపోర్టు జతచేసి ఉన్నదంతా రాసింది. జవాబు వచ్చింది. ఆ నరం వల్ల పని ఆగితే ఇవ్వరు. మిగతా దేనివల్ల ఆగినా ఇస్తారు. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా సంతకం పెట్టింది. నాకు భయం పోలేదు. ఆసుపత్రి మూసి రాగానే ఆ చేతికి కాపడం పెడుతున్నాను. ఇదంతా రాస్తున్నదీ ఆ చేత్తోనే. నాలుగు మాటలకోసారి పెన్ను కింద పెట్టిస్తున్నాను.

ఇక చాలమ్మా. నేను వంటింట్లోంచి అన్న మాట దగ్గర నీ పెన్ను ఆగింది, చూశాను. అమ్మ కదా అని అక్కడ ఏమైనా తగ్గించి రాశావేమో. కళ్లతో చూస్తే నాకు తెలియదు, చెవులతో వింటే తెలుస్తుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మొదటి నుంచి చదివి వినిపించు తల్లీ.