దయ్యాల వేటగత్తె మొదటి కథ

చిన్నప్పుడు నేను దయ్యాల వేటగత్తెను. నవ్వకండి. పాత క్యాలెండర్ కాగితాల వెనక బొమ్మల కథలు గీసేదాన్ని. రెండు జడల పిల్ల, చేతిలో మిరపకొమ్మ, ఎదురుగా కోరల రాక్షసుడు. చివరికి వాడు తుమ్మి తుమ్మి చచ్చేవాడు. మా క్లాసులో వాటికి మంచి గిరాకీ. "ఈ పిల్లకి అమ్మా నాన్నా లేరటే? మొదట్లో ఏమైందో కూడా గియ్యవే" అని నా పక్కన కూర్చునే అమ్మాయి ఒకటే నస.

ఆ మొదటి కథ నేను ఇప్పటికీ గీయలేదు. అది అప్పుడు మా ఇంట్లోనే జరుగుతోంది.

ఊళ్ళోకి ఎస్టీడీ బూత్ కొత్తగా వచ్చిన రోజులు. నల్లపాడు దాటాక మా ఊరు. కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. అమ్మా నాన్నా మాట్లాడుకోవడం మానేశారు. "కూరలో ఉప్పు తగ్గిందని మీ అమ్మకి చెప్పు" అని నాన్న, "వేసుకోమను" అని అమ్మ, మధ్యలో నేను. చివరికి పెద్దమనుషులు కూర్చుని ఎవరి దారి వాళ్ళదని తేల్చేశారు. మర్నాడు అమ్మ నన్ను తీసుకుని కనిగిరిలో పుట్టింటికి వెళ్ళిపోవాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత మంచి మనుషులు ఊరికే విడిపోతారా? ఇంట్లో ఏదో దూరింది. దాన్ని పట్టడానికి నేను కాక ఇంకెవరున్నారు?

నాయనమ్మ దిష్టి తీయడం ఎన్నోసార్లు చూశాను. ఎండుమిరపకాయలూ ఉప్పూ గుప్పిట్లో పట్టుకుని, మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, అది కాలిపోయినట్టు. ఘాటు వస్తే అసలేమీ లేనట్టు. కల్లమంతా తిరిగి ఎర్రగా నిగనిగలాడే కాయలు ఏరాను. రాక్షసుడి మీదికి నాసిరకం సరుకుతో వెళ్తామా?

పొద్దున్నే ఇద్దరినీ మంచం మీద కూర్చోమన్నాను.

"ఏంటే ఈ పిచ్చి పనులు, బస్సు పోద్ది" అంది అమ్మ.

"కూర్చో. పిల్ల ముచ్చట తీరనీ" అన్నాడు నాన్న.

ఆయన అమ్మతో నేరుగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో! అమ్మ కూర్చుంది. ఇద్దరూ పక్కపక్కన. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కాయలు తిప్పి పొయ్యిలో వేశాను. ఘాటు రాకూడదు, రాకూడదు అని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను.

ముందు నాకే దగ్గొచ్చింది. తర్వాత ఇల్లంతా కమ్మేసింది. నాన్నకు పొలమారింది. అమ్మ అలవాటుగా ఆయన మాడు మీద తట్టబోయింది. ఆ చెయ్యి దారిలోనే ఆగి, వెనక్కి వచ్చి కొంగు సర్దుకుంది.

"ఏం లేదు తల్లీ. మనింట్లో ఏ దయ్యమూ లేదు" అన్నాడు నాన్న కళ్ళు తుడుచుకుంటూ.

బస్సులో నా వేళ్ళు భగభగ మండాయి. అమ్మ కొంగు తడిపి చుట్టింది, తగ్గిపోద్దిలే అంది. నా ఏడుపు మంటకు కాదు. కల్లం మూల రంగు పోయిన తాలుకాయలు కుప్పగా పడి ఉన్నాయి. వాటికి ఘాటుండదు. అవి వేసి ఉంటే ఇదంతా దిష్టే అనుకునేవాళ్ళు. దిష్టి పోయిందని అమ్మ పెట్టె లోపల పెట్టేసేది.

"అమ్మా, వెనక్కి పోదామే. ఈసారి తాలుకాయలు వేస్తా" అన్నాను.

అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని, కనిగిరి వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.