మా నాన్న కళ్లెందుకు ఎర్రబడ్డాయి

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. పోయినవాడి గురించి నాలుగు మంచిమాటలు చెప్పడం లోకమర్యాద. మా నాన్నకి ఆ మర్యాద దక్కలేదు. సమాధి దగ్గర నిలబడి మా పాస్టరు తాగుబోతుల గురించిన వాక్యం తీసి, ఒకసారి మారుమనసు పొంది మళ్లీ వెనక్కి జారినవాళ్ల గతి ఏమవుతుందో ఎండలో సుదీర్ఘంగా వివరించాడు. పేరు మాత్రం ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు, పెట్టె ఎదురుగానే ఉంది. ఆ పాస్టర్ని గౌరవంగా రాయడానికి నా చెయ్యి ఇప్పటికీ రాదు, కాబట్టి ఇలాగే రాస్తాను.

నాన్న ఒకప్పుడు తాగేవాడన్నది నిజమే. దివిసీమలో మా పేటంతా ఎరుగుదురు. నేను హైస్కూల్లో ఉండగా బాప్తిస్మం తీసుకున్నాడు, ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. అది కూడా పేటంతా ఎరుగుదురు. కానీ మొదటిది గుర్తున్నంత బాగా రెండోది ఎవరికీ గుర్తుండదు.

నాన్న పోయిన ఏడు వానలకి, నాట్లు ఊడ్చిన పొలం మునిగింది. మురుగు కాలవకి గుర్రపుడెక్క అడ్డం పడి నీళ్లు కదలకపోతే, నాన్న మొలలోతు నీళ్లలో దిగి దాన్ని లాగి గట్టున పడేశాడు. వారం తిరక్కుండా జ్వరం వచ్చింది. కళ్లు చింతనిప్పులయ్యాయి. పిక్కలు పట్టేసి అడుగు తిన్నగా పడేది కాదు. ఇంజెక్షన్ చేయించుకోడానికి ఆర్ఎంపీ దగ్గరికి పక్కవాళ్ల దడి పట్టుకుని తూలుకుంటూ వెళ్లాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు చూసి, 'మళ్లీ మొదలెట్టాడు' అన్నారు. కళ్లు పచ్చబడ్డాక 'ఇంకేముంది, లివర్ పోయింది' అన్నారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. మా నాన్న అసలు చెట్టు కిందికే వెళ్లలేదు.

కామెర్లని అమ్మ పక్కూరు తీసుకెళ్లి పసరు పోయించింది. తగ్గకపోతే, తెలిసినవాళ్లున్నారని గుడివాడలో ఒక ఆసుపత్రిలో చేర్చింది. 'మందు అలవాటుందా?' అని డాక్టరు అడిగాడు. అమ్మకి అబద్ధం ఆడటం రాదు. 'ఇదివరకు ఉండేదండి' అంది. ఆ ఒక్క ముక్క తర్వాత ఆయన ఇంకేమీ వినలేదు. బందరులో టీచరుగా చేస్తున్న నేను స్కూలుకి సెలవు పెట్టి బస్సెక్కి వెళ్లేసరికి నాన్నకి మాట పడిపోయింది. కిడ్నీలు కూడా పోయాయన్నారు. మర్నాడు నాన్నే పోయాడు.

సమాధి అయ్యాక అమ్మకీ జ్వరమొచ్చింది. ఏడ్చి ఏడ్చి వచ్చిందనుకున్నాం. అది తగ్గి మళ్లీ చర్చికి వెళ్లడం మొదలెట్టాక, స్త్రీల సమాజంలో అమ్మ చేత ప్రార్థన చేయించడం మానేశారు. ఎవరూ ఒక్కమాట అనలేదు. అమ్మ వంతు వచ్చినప్పుడల్లా దాటేసి పక్కావిణ్ణి లేపేవాళ్లు. అమ్మ తల దించుకుని కూర్చునేది. నాన్న తాగి చావలేదని నిరూపించడం తప్ప ఆ తల లేపే దారి నాకు కనిపించలేదు. నిరూపించడానికి నా చేతిలో ఏమీ లేదు.

తర్వాతి ఏడు మా చర్చి వరండాలో మెడికల్ కాలేజీ వాళ్లు బల్లలు వేశారు. సర్వే అట. అందరూ రక్తం ఇవ్వాలని పాస్టరే మైకులో చెప్పాడు. రెండో శనివారం కదా, నేను బందరు నుంచి ఇంటికొచ్చి ఉన్నాను. అమ్మ కదల్లేదు. "మనిషి పోతుంటే ఒక్కడూ రాలేదు. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకోడానికొచ్చారు" అంది. ఆ మాటకే ఇంకో నాలుగు తగిలించి వాళ్ల మొహాన కొడదామని నేను బయల్దేరాను.

బల్ల దగ్గర ఒక డాక్టరమ్మాయి మా పేట ఆవిణ్ణి ప్రశ్నలు అడుగుతోంది. "జ్వరంతో పాటు కళ్లు ఎర్రబడ్డాయా అండీ? పిక్కలు లాగి నడవలేకపోయారా? పచ్చబడ్డారా?" నేను సిద్ధం చేసుకుని వెళ్లిన తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆ పిల్ల మా నాన్నని ఎన్నడూ చూడలేదు.

అడిగితే చెప్పింది. ఎలుకజ్వరమట. ఎలుకల ఉచ్చ పొలం నీళ్లలో కలుస్తుంది, అందులోని బాక్టీరియా నీళ్లలో నాని కాళ్లకి పడే ఒరుపుల్లోంచీ గాయాల్లోంచీ ఒంట్లోకి పోతుంది. తగ్గిపోయినా, దానితో పోరాడిన యాంటీబాడీలు రక్తంలో చాలాకాలం మిగిలి ఉంటాయి. ఎంతమందిలో ఉన్నాయో చూస్తే ఆ జబ్బు ఏ ఊళ్లో ఎంత తిరిగిందో తెలుస్తుంది. "చూసేవాళ్లు తాగాడనుకునే అవకాశం ఉందా?" అన్నాను. ఆ పిల్ల నా మొహం చూసి, "ఉందండి, టెస్టు చెయ్యకపోతే ఎవరైనా పొరబడొచ్చు" అంది. నేను ఇంటికి పరిగెత్తి అమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

కొన్నాళ్లకి ఆ డాక్టరమ్మాయి మళ్లీ వచ్చి ఎవరి ఫలితం వాళ్లకి విడిగా చెప్పింది. అమ్మ రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయి. నాట్లేసే ఆడవాళ్లలో ఇంకా చాలామందికి ఉన్నాయని వాళ్లలో వాళ్లే చెప్పుకున్నారు.

"అయితే మా నాన్నకీ అదే కదా?" అన్నాను.

"ఆయన రక్తం మా దగ్గర లేదండి. అమ్మగారికి ఎప్పుడు సోకిందో కూడా ఈ పరీక్ష చెప్పదు. ఈ ఊళ్లో జబ్బు ఉందని చెప్పగలం, అంతే."

అంత నిజాయితీ ఆ రోజు నాకు అక్కర్లేదు. ఆ పిల్ల మీద అరిచాను. అరిచినా పాపం మాట మార్చలేదు.

అక్కణ్ణుంచి పాస్టరింటికి వెళ్లాను. ఎలుకజ్వరం అయ్యుండొచ్చని చర్చిలో ఒక్కమాట చెప్పమని, నాకు ఇష్టం లేకపోయినా చేతులు కట్టుకుని అడిగాను. "ఆ డాక్టరే చెప్పలేనన్నాక నేనెట్టా చెప్తానమ్మా? ఆయన సంగతి దేవుడికి వదిలేద్దాం" అన్నాడు. సమాధి దగ్గర మాత్రం దేవుడికి వదల్లేదు. ఆ మాట ఆయన గుమ్మంలోనే అనేసి వచ్చాను.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలుంటాయి. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఒకరు కొడుకు పాసయ్యాడంటారు, ఒకరు గేదె ఈనిందంటారు. ఆ ఆదివారం అమ్మ లేచింది. పాస్టరు చిరునవ్వుతో తల ఊపాడు.

"నా రక్తంలో ఎలుకజ్వరం గుర్తులున్నాయంటండి" అంది అమ్మ. "వచ్చి పోయిందంట. నేను బతికాను, దేవుడికి స్తోత్రం. మీలో కూడా ఉన్నవాళ్లున్నారు. దాచుకునే జబ్బు కాదుగదమ్మా, లేవండి."

మా సొంత మేనత్త బైబిల్లోకి మొహం దించేసింది. చివరికి, అమ్మ వంతు దాటేస్తూ వచ్చిన స్త్రీల సమాజం పెద్దావిడే మోకాలు పట్టుకుని లేచింది. ఆవిడ వెనక ఇంకొందరు లేచారు.

"అయ్యగారూ, ఈమె తాగుద్దా?" అంది అమ్మ.

"అమ్మా, సాక్ష్యమంటే..."

"ఆయన రక్తం ఎవరూ తియ్యలేదు. అందుకే మీ ఇష్టమొచ్చినట్టు చెప్పారు."

నాకు చర్చిలోనే చప్పట్లు కొట్టాలనిపించింది. పాస్టరు మొహం చూసి కడుపు నిండిపోయింది. అమ్మ ఇక కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు.

"మిమ్మల్నని ఏం లాభంలెండి. నేనూ అనుకున్నాను. ఆయన ఒళ్లు కాలిపోతంటే, నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను."

అప్పుడు కూర్చుంది. పాస్టరు పాట నంబరు చెప్పాడు.

ఇంటికి నడుస్తుంటే నేను అమ్మతో కలిసి నడవలేకపోయాను, వెనకబడ్డాను. అంతకాలం పాస్టరు మీద, డాక్టర్ల మీద, పేట మీద పెంచుకున్న కోపమంతా ఎదర నడిచే ఆ తెల్లచీర మీదికి మళ్లింది. గుమ్మంలో అమ్మ తాళం తీస్తుంటే ఉండబట్టలేక అడిగాను.

"వాసన వచ్చిందా?"

"రాలేదు. అయినా సగమే నమ్మాను."

"నాన్న ఏమన్నాడు?"

"ఏమంటాడే. కళ్లు తెరిచి చూశాడు. చూసి, నాకు సరిగ్గా తెలియాలని నోరు ఇంకాస్త పెద్దగా తెరిచాడు."