రెడ్డిగూడెం తోటను నేను పెంచిన వైనం

రెండే రెండు ఫొటోలతో ఒక పెద్ద రైతింట్లో అన్నదమ్ముల తగువు పెట్టి, ఒక ఫ్యాక్టరీకి కాయలు రాకుండా చేసి, నా మొదటి ఉద్యోగానికి నేనే ఎసరు పెట్టుకున్న ఘనత నాది. కాస్త సర్దుకుని కూర్చోండి, చెబుతాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. ఆ రోజుల్లో నవ్వనివాడు ఎవడు గనక!

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. తిరువూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. ఇంగ్లీషు ఎం.ఏ. చదివానన్న ఒక్క నేరానికి మేనేజర్ ప్రసాదరావు గారు సస్టెయినబిలిటీ రిపోర్టు నా నెత్తిన పడేశారు. అంటే మరేం లేదు. గాలినీ నీటినీ నేలనీ మనం ఎంత బంగారంలా చూసుకుంటున్నామో మన గురించి మనమే రాసుకునే పుస్తకం. పెళ్ళిచూపుల్లో పిల్లాడి గురించి పిల్లాడి తల్లి చెప్పినట్టు ఉండాలన్నమాట.

"మన గుజ్జు కొనే హైదరాబాదు కంపెనీ వాళ్ళు అడిగారమ్మా. ఇది బాగుంటేనే ఈ ఏడు ఆర్డరంట. బాగా పచ్చగా ఉండాలి" అన్నారాయన.

"మనం మొక్కలేమైనా నాటామా సార్?"

"నాటాం కదా, ప్రహరీ పక్కన."

"అవి మేకలు తినేశాయి సార్."

"మేకల సంగతి మనం రాయక్కర్లేదులే."

ఆ మాటతో నాకు రెక్కలొచ్చాయి. స్కూటీ వేసుకుని రెడ్డిగూడెం దారి పట్టాను. రోడ్డుకి ఇటు దున్నిన ఎర్రచేను, ఒక్క గడ్డిపరక లేదు. అటు చూస్తే మామిడితోట, ఎండే కింద పడనంత గుబురు. రెండూ ఫొటో తీశాను. మొదటి దాని కింద ‘ముందు: ఏమీ పండని బీడు’ అనీ, రెండోదాని కింద ‘తర్వాత: మా కంపెనీ కృషితో పచ్చని వనం’ అనీ రాశాను. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకునేవాళ్ళను మీరు చూసే ఉంటారు. కాయలు కొనుక్కుని, పైగా చెట్టు పేరు కూడా కొట్టేసినదాన్ని మాత్రం నన్నే చూస్తున్నారు!

మేనేజర్ గారు మురిసిపోయారు. ఆ తోట ఎవరిదని అడగలేదు, నేనూ చెప్పలేదు, నాకు తెలిస్తేగా! ఆ ఊపులో ఆయన దాన్ని తెలుగు చేయించి రైతుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టించారు.

మర్నాడు పొద్దున్నే రెడ్డిగూడెం కోటేశ్వరరావు గారు వచ్చారు. మాకు కాయలు తోలే రైతుల్లో పెద్దాయన. ఆయన ఎటంటే ఊరంతా అటే.

"ఆ ఫొటోలు తీసిందెవరు?"

"నేనేనండి!" అన్నాను, శాలువా కప్పడానికి వచ్చారేమో అన్నంత ఉత్సాహంగా.

"మొదటిది నా పత్తి చేను. ఎండాకాలం దుక్కి దున్ని వదిలా. దాన్ని బీడంటావా? రెండోది మా నాన్నా నేనూ కావిళ్ళతో నీళ్ళు మోసి పెంచిన తోట. రాత్రి నుంచీ ఒకటే ఫోన్లు! మా తమ్ముడు గంపలగూడెం నుంచి బండేసుకుని వచ్చేశాడు. తోట కంపెనీకి అమ్మేసి నాకు మాటైనా చెప్పలేదేంటన్నయ్యా అని గుమ్మంలో కూర్చున్నాడు!"

"కూర్చోండి, మజ్జిగ తాగుదురు గానీ..." మేనేజర్ గారు నసిగారు.

"మజ్జిగ మా ఇంట్లో ఉందండీ. మీకు లేనిది కాయలు. మా ఊరి నుంచి ఇక ఒక్క ట్రాక్టరు కూడా రాదు."

ఆయన అటు వెళ్ళారో లేదో, హైదరాబాదు నుంచి మా గుజ్జు కొనే కంపెనీ మేడం ఫోను. "రిపోర్టు అద్భుతంగా ఉంది! ఆ తోట చూసి తీరాలి. ఎల్లుండి వస్తున్నా."

మేనేజర్ గారు నా వైపు చూశారు. ఆ చూపులో నా ఉద్యోగం ఆవిరైపోతూ కనిపించింది.

సాయంత్రానికల్లా రెడ్డిగూడెంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. తమ్ముడు గారు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు.

"తోట అమ్మలేదండీ. నేనే అబద్ధం రాశాను."

"కంపెనీలు కూడా అబద్ధాలు రాస్తాయా అమ్మాయ్?" అన్నారు తమ్ముడు గారు.

"ఇంగ్లీషులో రాస్తాయండీ."

కోటేశ్వరరావు గారు మీసం చాటున నవ్వారు. "సరే, ఆ మేడాన్ని తీసుకురా. మాట్లాడేది నేను."

నేను దాన్ని దయ అనుకున్నాను. పిచ్చిదాన్ని!

మేడం వచ్చారు. తోటలో అడుగుపెట్టగానే ఒక చెట్టును కావలించుకోబోయారు. చేతులు రెండూ కలవలేదు.

"ఎన్నేళ్ళ చెట్లండీ ఇవి?"

"ముప్పై దాటాయమ్మా" అన్నారు కోటేశ్వరరావు గారు.

"మీ ఫ్యాక్టరీ పెట్టి?"

మేనేజర్ గారు కొమ్మల్లోకి చూస్తూ, "ఎనిమిదేళ్ళు మేడం" అన్నారు.

"నీ వయసెంతమ్మా?" పెద్దాయన నా వైపు తిరిగారు.

"ఇరవై మూడు" అన్నాను.

"చూశారా, పుట్టకముందు నుంచే పెంచింది!" అన్నారు కోటేశ్వరరావు గారు. "అంత బాధ్యత గల పిల్ల!"

నేల చీలితే దూరిపోదామనిపించింది. ఏం చేస్తాం, అది కూడా ఆయన నేలే! జరిగిందంతా ఏడుస్తూ చెప్పేశాను. మేడం తన ఫోన్లో ఆ రెండు ఫొటోలూ మళ్ళీ తీసి చూశారు. చివరికి, "రిపోర్టు మళ్ళీ రాయండి. తోట ఎవరిదో, పెంచిందెవరో పేరుతో సహా రాయండి. ఆర్డరు ఇస్తాను" అన్నారు.

"మా నాన్న పేరు కూడా వెయ్యాలి. అప్పుడే ట్రాక్టర్లు" అన్నారు కోటేశ్వరరావు గారు. వేస్తామని నేనూ మేనేజర్ గారూ ఒక్కసారే అన్నాం. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

కారెక్కబోతూ మేడానికి అనుమానం వచ్చింది. "అన్నట్టు, ఆ బీడు ఎక్కడుందండీ? అది చూపించనే లేదు."

కోటేశ్వరరావు గారు వచ్చి నా నెత్తిన చెయ్యి పెట్టారు.

"ఇదేనమ్మా. ఇప్పుడే దుక్కి మొదలెట్టాం."

అందరికంటే గట్టిగా నవ్వింది గంపలగూడెం తమ్ముడు గారు.

కనుక మహాజనులారా, మామిడిపండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నాకంటే వయసులో పెద్దదైన ఏ చెట్టునూ ఈ జన్మలో మళ్ళీ పెంచను.