తూకానికి వండిన అన్నం

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు తిరుమలగిరి దగ్గరి మా ఊరికి ఒక డాక్టరు త్రాసు పట్టుకుని వచ్చాడు. ఎలాంటి తిండి తింటే ఏ జబ్బు వస్తుందో పరిశోధన చేస్తున్నాడట. మూడు రోజులు ఇంటింటా వండినదంతా తూచి రాసుకున్నాడు. కమ్యూనిస్టు దళాలకు ఎవరు వండి పెడుతున్నారో కనిపెట్టడానికే వచ్చాడనుకుని సగం ఊరు కుండలు దాచేసింది. నాకు ఆ భయం లేదు. నా రోగం వేరు.

మా తోడికోడలిదీ నాదీ ఒకే వాకిలి, వేరే పొయ్యిలు. ఆమె ఉత్త జొన్న గట్క వండినా మా అత్త మెచ్చుకునేది, నేను ఏం వండినా పెదవి విరిచేది. డాక్టరు వచ్చినప్పుడు ఆమె ఏ సిగ్గూ లేకుండా గట్క, మిరపకాయ తొక్కు ముందు పెట్టి, "గిదే సారూ, మేం తినేది" అంది. నేను మాత్రం తల్లిగారింటి నుంచి వచ్చిన బియ్యం తీసి మూడు రోజులూ అన్నం, పప్పు, నెయ్యి తూకానికి పెట్టాను. ఆమె చూస్తుండగా పెట్టాను. నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఆమె కూతురికీ నా కూతురికీ రేచీకటి. పొద్దుగూకితే ఇద్దరూ గోడ పట్టుకుని నడిచేవాళ్లు. సరైన తిండి లేని పిల్లలకు చేప నూనె ఇచ్చి చూస్తానన్నాడు డాక్టరు. ఆమెకు నెలకు సరిపడా సీసా ఇచ్చాడు. నా కాగితం చూసి, "మీ ఇంట్ల తిండికి లోటు లేదు గదమ్మా" అన్నాడు.

మేమూ రోజూ తినేది గట్కేనని అప్పుడే నిజం చెప్పేస్తే అయిపోయేది. ఆమె ముందా? కాగితం అలాగే ఉండనిచ్చాను. ఆమె గూట్లో ఆ సీసా కనబడినప్పుడల్లా కుళ్లుకునేదాన్ని. నా పిల్ల గడప తట్టుకుని పడుతున్నా నేను నోరు విప్పలేదు.

పదిహేను రోజులకే సీసా ఖాళీ అయింది. "అమ్ముకున్నవా ఏంది?" అని, డాక్టరు చూసి రమ్మని పంపిన కాంపౌండరు ఆమెను వాకిట్లో నిలబెట్టి తిట్టాడు. ఆమె ఖాళీ సీసా అతని చేతిలో పెట్టి లోపలికి పోయింది. నేను జొన్నలు చెరుగుతూ చెవులారా విన్నాను.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నా కూతురు గోడ పట్టుకోకుండా వాకిలి దాటి వెళ్లి కోళ్లను గంప కింద కమ్మింది. దగ్గరికి లాక్కుంటే నోట్లోంచి నీసు వాసన.

"ఎవరు పోసిండ్రే?"

"పెద్దమ్మ. నువ్వు చేనుకు వోయినంక అక్కకొక చెంచ, నాకొక చెంచ. నీకు చెప్పొద్దన్నది."

మర్నాడు తిరుమలగిరిలో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్లి బియ్యం సంగతీ నూనె సంగతీ చెప్పాను. మా రెండిళ్ల కాగితాలూ చింపేసి, "గిట్లయితె నేనేం తేల్చాలమ్మా?" అన్నాడు. నా పిల్లకూ ఒక సీసా ఇచ్చాడు.

అది పట్టుకుని ఇంటికి వచ్చాను. అక్కా, నాదే తప్పు అందామని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను. వాకిట్లో ఆమె ఎదురొచ్చి, "పిల్ల కండ్లు మంచిగైనయా చెల్లె?" అని తనే ముందు అడిగింది. ఆ మంచిమాటలో కూడా ఆమె నాకంటే ముందే ఉన్నందుకు నాకు ఒళ్లు మండిపోయింది.