జనవరిలో ఇంగ్లండ్, ఫిబ్రవరిలో పెర్త్

మా పెరటి కంచెకు అవతల ఉన్న ఇంట్లోకి ఆ దంపతులు 2015 వేసవి చివర వచ్చారు. వారిని నేను మొదట చూసిన రోజు నాకు వాన వల్ల గుర్తుంది. ముందు రాత్రి మా ఊరు క్యారీలో పెద్ద వాన కురిసింది. ఉదయం పెరట్లోకి వెళ్ళి, కర్రకు బిగించిన వర్షమాపకంలో నీటిమట్టం చూసుకుంటున్నాను. కంచె మీదుగా ఒక నెరిసిన తల లేచింది. నమస్కారం లేదు, పరిచయం లేదు.

"మీకెంత?" అని అడిగింది ఆ తల.

"ఒకటీ పాయింట్ నాలుగు అంగుళాలు," అన్నాను.

ఆయన క్షణం సేపు కళ్ళు మూసుకుని, "అంటే ముప్ఫై అయిదున్నర మిల్లీమీటర్లు. నాకు ముప్ఫై రెండే వచ్చింది. ఇద్దరిలో ఎవరిదో తప్పు," అన్నారు.

తప్పు ఎవరిదో తేలడానికి మరో రెండు వానలు పట్టాయి. ఆయన మాపకం పాతిన చోటికి పైన ఒక చెట్టుకొమ్మ అడ్డంగా ఉంది. ఆ సంగతి నేను చూపించగానే ఆయన వాదించలేదు, నొచ్చుకోలేదు. పార తెచ్చి, కర్ర పెకలించి, ఖాళీ జాగాలో పాతి, "థాంక్స్, మేట్," అన్నారు. తన కొలత తప్పని రుజువైనప్పుడు సంతోషించే మనుషులను నా ఉద్యోగ జీవితంలో నేను ఎక్కువమందిని చూడలేదు. అప్పటి నుంచి ఆయనంటే నాకు గౌరవం.

నేను మందుల ప్రయోగాల గణాంకాలు చూసే పనిలో ఉండి రిటైరైనవాణ్ణి. ఆయన ఒక మందుల కంపెనీలో నాణ్యతా పరీక్షలు చూసేవారు. భార్యాభర్తలిద్దరూ ఉత్తర ఇంగ్లండ్‌లో ఒకే చిన్న పట్టణంలో పుట్టినవారు. రెండేళ్ళ పని మీద 1993లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి వెళ్ళి, ఇరవై రెండేళ్ళు ఉండిపోయి, ఆ దేశ పౌరులై, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారు. పెర్త్‌లో వేసవి పొడవునా వాన చుక్క పడదట. అందుకే ఆయన ఉన్న వీధిలో దాదాపు ప్రతి పెరట్లోనూ ఒక వర్షమాపకం ఉండేదని, వాన పడిన మర్నాడు ఒకరినొకరు "మీకెంత?" అని అడగకుండా ఎవరూ ఎవరినీ దాటిపోరని ఆయన చెప్పారు. ఇంగ్లండ్‌లో ఉన్నంతకాలం తిట్టుకున్న వానను ఆస్ట్రేలియాలో కొలవడం నేర్చుకున్నారన్నమాట.

ఆడవాళ్ళ స్నేహం మరో దారిన కుదిరింది. మా కాలనీ సంఘం నిబంధనల ప్రకారం బట్టలు బయట ఆరేయకూడదు. నా భార్య ముప్ఫై ఏళ్ళుగా ఆ నిబంధనను తనకు వర్తించనట్టే చూస్తూ, వీధిలోకి కనిపించకుండా వెనక చెక్క అరుగు, అదే డెక్, పక్కన ఒక దండెం కట్టుకుంది. పొరుగావిడ వచ్చిన నెలలోనే దాన్ని కనిపెట్టి, కంచె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "మీరు ఏ మూలన కడితే వాళ్ళకు కనిపించడం లేదు?" అని అడిగారు. వారం తిరిగేసరికి ఆమెకూ ఒక దండెం అమరింది. దండెం అనే ఆ తెలుగు మాటను ఆమె చక్కగా పలికేవారు. సంఘం కార్యదర్శి ఎదుట కూడా ధైర్యంగా వాడేవారు, ఆయనకు అర్థం కాదు కనుక.

ఇక అసలు సంగతి. వారి వీసా ఆస్ట్రేలియా పౌరులకు ఉద్యోగం మీద ఇచ్చేది, రెండేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఉద్యోగం ముగిస్తే అదీ ముగుస్తుంది. ఆయన 2024 జూన్ ఆఖరున రిటైరవాల్సి ఉంది. ఆ తర్వాత ఎక్కడికి? ఆమెకు ఇంగ్లండ్ కావాలి. ఆమె అక్క ఇంకా ఆ చిన్న పట్టణంలోనే ఉంది. ఆయనకు పెర్త్ కావాలి. పిల్లలు లేరు. కాబట్టి వారి తరఫున నిర్ణయించేది మరేదీ లేదు.

మూడేళ్ళ పాటు ఆ వాదన మా డెక్ మీద, వారి డెక్ మీద జరుగుతూ వచ్చింది. నాకు నచ్చింది ఏమిటంటే, ఏ ఒక్కరోజూ ఇద్దరిలో ఒకరు గెలవాలని చూడలేదు. ఆ మాట నేను అంటే ఆమె నవ్వి, "ఒకరు గెలిస్తే, రెండోవాళ్ళు ఓడిపోయిన దేశంలో బతకాలి కదా," అన్నారు.

పక్క ఊరు మోరిస్‌విల్‌లోని మా తెలుగు మిత్రుల ఇళ్ళలో వారాంతపు భోజనాలప్పుడు ఇలాంటి చర్చ నేను ఎన్నోసార్లు విన్నాను. దాని తీరు వేరు. పదేళ్ళ కిందట ఒక కుర్రవాడు పళ్ళెం చేత్తో పట్టుకుని, "అంకుల్, గ్రీన్ కార్డ్ రానివ్వండి, టూ ఇయర్స్ చూసుకుని బ్యాక్ వెళ్ళిపోతాం," అన్నాడు. పోయిన దసరాకు అదే ఇంట్లో, అదే మాట అన్నాడు. పక్కనున్న అతని భార్య, "ఆ టూ ఇయర్స్ ఇంకా స్టార్ట్ అవ్వలేదు అంకుల్," అంది. అందరం నవ్వాం. వారిని తప్పుపట్టను. ఆ ప్రశ్నను పరీక్షకు పెట్టాలని మాలో ఎవరికీ తోచలేదని మాత్రమే అంటున్నాను.

పొరుగువారికి తోచింది. 2023 శరత్కాలంలో ఒక సాయంత్రం ఆయన వచ్చి, నిర్ణయానికి ముందు రెండు చోట్లా మూడేసి వారాలు ఉండి చూస్తామని, ఇంగ్లండ్‌కు మే నెలలో, పెర్త్‌కు ఆ వెంటనే టికెట్లు చూస్తున్నామని చెప్పారు.

"మే నెలలో ఇంగ్లండ్ ఎవరికి నచ్చదు?" అన్నాను. "ఎండలూ తగ్గి, వానలూ మొదలయ్యే కాలంలో పెర్త్ ఎవరికి నచ్చదు? మీరు మందును ఆరోగ్యవంతుల మీద ప్రయోగిస్తున్నారు."

ఆయన టీకప్పు కింద పెట్టారు. "ఏం చేయమంటారు?"

"రెండింటినీ వాటి చెడ్డ నెలల్లో చూడండి. జనవరిలో ఇంగ్లండ్, ఫిబ్రవరిలో పెర్త్. చుట్టాల ఇంట్లో అతిథుల్లా వద్దు. అద్దెకు చిన్న ఇల్లు తీసుకోండి, కూరగాయలు కొనుక్కోండి, బట్టలు ఉతుక్కోండి."

ఆయన నాణ్యతా పరీక్షల మనిషి, మరో మాట అవసరం లేకపోయింది. ఆమె మాత్రం, "అంటే మీ సలహా, డబ్బిచ్చి మరీ మూడు వారాలు గడ్డకట్టి, మూడు వారాలు మాడిపొమ్మనా?" అని అడిగారు.

నా భార్య వంటింట్లోంచి, "ఆయనతో నలభై ఏళ్ళు కాపురం చేసి చూడండి, ఇది చాలా చిన్న సలహా అనిపిస్తుంది!" అంది.

వారు వెళ్ళారు, నేను చెప్పినట్టే. పండుగ నెలల వెలుగులో తమ కోరికను తామే మెచ్చుకునే అవకాశాన్ని వదులుకుని, చీకటి నెలను, మంటల నెలను ఎంచుకున్నారు. ఇద్దరూ అరవై దాటినవారు. అంతటి నిజాయితీ అందరికీ ఉండదు.

జనవరిలో ఇంగ్లండ్ నుంచి ఆయన ఫోన్ చేశారు. మూడు వారాల కోసం అక్కడ కూడా ఒక వర్షమాపకం కొని పెరట్లో పెట్టారట. "పదకొండు మిల్లీమీటర్లు," అన్నారు. "పక్కింటాయనకు చెప్పాను. ఆయన నా వంక జాలిగా చూసి, ఇక్కడ కొలవడానికేముంది, తడవడమే కదా, అన్నాడు." ఆ మాట చెబుతూ నవ్వారు గాని, ఎక్కువసేపు నవ్వలేదు. ఫిబ్రవరిలో పెర్త్ నుంచి చేశారు. "సున్నా. నిన్న నలభై ఒక్క డిగ్రీలు. అయినా ఇప్పటికి ముగ్గురు ఆగి, పోయిన శీతాకాలం క్యారీలో ఎంత పడిందని అడిగారు." ఈసారి నవ్వు బాగా వినిపించింది. అంతటితో ఫలితం తేలిపోయిందని నేను అనుకున్నాను. ఆమె పెర్త్‌కు ఒప్పుకుంటారా అన్నదే మిగిలిన ప్రశ్న.

మార్చి మొదటి ఆదివారం ఇద్దరినీ మధ్యాహ్న భోజనానికి పిలిచాం. పులిహోర, వంకాయ కూర, మజ్జిగ పులుసు. ఆయన పులిహోర రెండోసారి వడ్డించుకుని, "ఇంగ్లండ్ వెళ్దామని నేనంటున్నాను," అన్నారు.

"నేను కుదరదంటున్నాను," అన్నారు ఆమె. "పెర్త్‌కే."

నా భార్య గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. నా వైపు తిరిగి తెలుగులో, "ఏవండీ, వెళ్ళేముందు వీళ్ళు సరిగ్గా ఇందుకు తలకిందులుగా మాట్లాడేవాళ్ళు కదా? ఎయిర్‌పోర్ట్‌లో గానీ మారిపోయారా?" అంది.

ఆమె అన్నది ఇంగ్లీషులో చెప్పాను. పొరుగువారిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు పొరుగావిడ చెప్పారు.

"ఇంగ్లండ్‌లో ఈయన పొద్దున్నే లేచి, ఆ గాజు గొట్టం పట్టుకుని గుమ్మంలో నిలబడేవారు. ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. మూడు వారాలు. పెర్త్‌లో దిగిన రోజు నుంచి వీధిలోకి వెళ్ళిన మనిషి గంట దాకా తిరిగి రాలేదు. అక్కడ ఈయన ఎదురుచూడనక్కరలేదు. ఈ మనిషిని ఆ తడి గుమ్మంలో నిలబెట్టి నేను ఎలా బతకను?"

"ఆమె చెప్పిందంతా నిజమే," అన్నారు ఆయన. "నేను చూసింది చెబుతాను. ముప్ఫై ఏళ్ళుగా ఈమె మాట్లాడటం వింటున్నాను, పెర్త్‌లో, ఇక్కడ. ఎదుటివాళ్ళు మాట పూర్తి చేసేదాకా ఆగుతుంది. ఎప్పుడూ ఆగుతుంది. మర్యాద అనుకున్నాను. జనవరిలో వాళ్ళక్క వంటగదిలో కూర్చుంటే, ఇద్దరిలో ఒక్కరూ ఒక్క వాక్యం పూర్తి చేయలేదు. ఈమె మొదలుపెడితే ఆమె ముగిస్తుంది, ఆమె మొదలుపెడితే ఈమె లాక్కుంటుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరికీ ఇద్దరూ వినిపిస్తారు. అది మర్యాద కాదు, మేట్. ఈమె ఇన్నేళ్ళుగా పరాయి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది."

ఎవరి అనుభవాన్ని వారు చూసుకుని రమ్మని నేను పంపాను. ఇద్దరూ తమ సంగతి వదిలేసి, ఎదుటివారిని చూసి వచ్చారు. గణాంకాల ప్రకారం ఆ ప్రయోగం చెల్లదు. కాని అంతకంటే శ్రద్ధగా చేసిన పరిశీలన నేను చూడలేదు.

అయినా సమస్య అలాగే ఉంది. పూర్వం ఇద్దరూ తమ కోసం వాదించుకునేవారు, ఇప్పుడు ఒకరి కోసం ఒకరు వాదించుకుంటున్నారు. ఈ వాదన మరింత మొండిది. ఆయన "నాకు అలవాటైపోతుంది" అంటారు, ఆమె "నాకు అలవాటైపోయింది" అంటారు. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను నా భార్య వైపు చూశాను.

అప్పుడు నా భార్య కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు నెమ్మదిగా, మాట మాటకూ ఆగి మాట్లాడుతుంది. అదే ఏలూరులో ఉన్న తన పిన్ని కూతురితో ఫోన్‌లో మాట్లాడితే గది బయటికి కూడా ఎవరి మాట ఎవరిదో తెలియదు. మధ్యలో లైను ఆలస్యంగా అందుకుంటే ఇద్దరూ విసుక్కుని, "నువ్వు చెప్పు", "లేదు నువ్వే చెప్పు" అని ఆగిపోతారు. ఆ విసుగు నాకు తెలుసు, దాన్ని ఇన్నాళ్ళూ నెట్‌వర్క్ లోపమనే అనుకున్నాను.

"వాన ఎంత పడిందో ఫోన్‌లో చెప్పొచ్చు," అంది నా భార్య ఆయనతో. "ఈయన ఉన్నారు, అడుగుతారు. ఆ పెర్త్ వాళ్ళు ముగ్గురూ అడుగుతారు. కానీ ఒకరి మాటలో ఒకరు దూరడం ఫోన్‌లో కుదరదు. నేను ట్రై చేసి చెబుతున్నాను. దానికి ఒకే టేబుల్ దగ్గర కూర్చోవాలి."

పొరుగావిడ ఏదో అనబోయి ఆగారు. ఆగిన సంగతి తానే గమనించుకుని నవ్వారు. తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. ఆయన చేయి చాచి, మూడోసారి పులిహోర వడ్డించుకున్నారు.

జులైలో వారు ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. దండెం తాడు నా భార్యకు ఇచ్చి వెళ్ళారు, ఇప్పుడు మాకు రెండు వరసలు. ఆయన తన మాపకాన్ని మాత్రం తీసుకువెళ్ళారు. అక్కడి కర్రను చెట్లకు దూరంగా, ఖాళీ జాగాలోనే పాతారని ఫోటో పంపారు.

వాన పడిన ప్రతిసారీ ఎవరో ఒకరం ఫోన్ చేస్తాం. నా అంగుళాలను ఆయన మారుస్తారు, ఆయన మిల్లీమీటర్లను నేను మారుస్తాను. పెర్త్ వీధిలోని ఒకాయన కూడా ఇప్పుడు తన సంఖ్య మా ఇద్దరికీ పంపుతున్నాడు. మొన్న శనివారం ఉదయం ఫోన్ మోగేసరికి వానల లెక్క గడుల్లో రాసుకునే పుస్తకం తెరిచి, కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన సంఖ్య చెప్పారు. వెనక ఇద్దరు ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడుతున్నారు, మధ్యలో నవ్వుతున్నారు, ఎవరూ ఎవరి కోసమూ ఆగడం లేదు.

"ఎనిమిదా, పద్దెనిమిదా?" అని అడిగాను.

ఆయన మళ్ళీ చెప్పారు. మళ్ళీ వినబడలేదు.

"వినబడిందా, మేట్?" అని గట్టిగా అరిచారు.

"బాగా వినబడింది," అన్నాను. ఆ రోజు గడి ఖాళీగా వదిలేశాను.